గంజాయియు ధ్యానమును



నేడు నేను మనవి చేయబోవు విషయము కొందరికి అప్రియముగా తోచవచ్చును. గ్రామములలో దీనినిగూర్చి చెవిలో చెప్పుకొందురేగాని నలుగురిలో ముచ్చటింపరు. గంజాయి ధ్యానమునకు తోడ్పడునా, చెడుపు చేయునా అన్నదే ఆ విషయము. పెద్దలమాటయు, వైద్యులమాటయు తరువాత చెప్పుదును. ముందుగా నా అనుభవమును చెప్పుట న్యాయము. ఏలనన అందు నా దోషము కలదు.

1979వ సంవత్సరమున గోదావరి పుష్కరములు జరిగెను. అప్పటికి నాకు ఇరువదియేండ్లు. మా యూరు ఏటి యొడ్డుననే యున్నది. పుష్కరములు ముగిసిన పిమ్మట ఉత్తరదేశపు బైరాగులు నలుగురు మా యూరి సత్రములో నెలదినములు బసచేసిరి. ప్రొద్దుగ్రుంకిన తరువాత వారిలో మువ్వురు ధుని చుట్టును కూర్చుండి గంజాయి చిలుము త్రాగుచుండెడివారు. నాలుగవవాడు వృద్ధుడు. అతడు చిలుము ముట్టకయే గంటలకొలది కదలక కూర్చుండెడివాడు. నా దృష్టి చిలుముమీదనే నిలిచెనుగాని ఆ వృద్ధునిమీద నిలువలేదు.

నా మేనత్త కుమారుడు, నాకంటె రెండేండ్లు చిన్నవాడు, రాత్రులందు నాతోకూడ వచ్చెడివాడు. చదువులో చురుకైనవాడు, మితభాషి. ఒకనాడు చిలుము నాచేతికి వచ్చినది. నేను పీల్చి అతనికి అందిచ్చితిని. “బావా, మా అమ్మకు తెలిస్తే ఊరుకోదు” అని అతడు వెనుదీసెను. “ఏం కాదులేరా, మనసు ఇట్టే నిలుస్తుంది, ఒక్క దమ్ము లాగి చూడు” అని నేనే ప్రోత్సహించితిని.

ఆ రాత్రి నాకు కలిగినదానిని దాచను. ఏటి చప్పుడు అంతకుమున్నెన్నడును విననంత మధురముగా వినవచ్చెను. గడియకాలము యుగమైనట్లుండెను. నాలోని భయమును, అసూయయు కరగిపోయినట్లు తోచెను. ఇదియే సమాధి గాబోలునని పొంగిపోతిని. తెల్లవారి చూచుకొనగా నేను మునుపటి మనుష్యుడనే. పాలేరు ఆలస్యముగా వచ్చెనని ఆ యుదయమే వానిమీద కేకలు వేసితిని. రాత్రి బ్రహ్మానందము, ప్రొద్దుట ఆగ్రహము! అయినను నాకప్పుడు బుద్ధి రాలేదు. మా తండ్రిగారు నన్ను పొరుగు జిల్లాకు పనిమీద పంపుటచేత నాకా యలవాటు తప్పినదిగాని నా వివేకముచేత గాదు.

నా బావమరదికి అది తప్పలేదు. బైరాగులు వెళ్లిపోయినను అతడు త్రాగుచునే యుండెను. ఏడాది తిరుగకముందే అతనికి నిద్ర కరవైనది. గోడలలోనుండి ఎవరో తనను పిలుచుచున్నారని చెప్పసాగెను. తల్లి వడ్డించిన అన్నములో విషమున్నదని విస్తరి త్రోసివేసెను. ఊరివారు కొందరు గాలి సోకినదనిరి. కొందరు కుండలిని లేచినదనిరి. మా అత్తయ్య రెండేండ్లు తాయెత్తులకును, సోదె చెప్పువారికిని ఉన్నదంతయు వెచ్చించి, తుదకు పట్టణమున మానసిక వైద్యునియొద్దకు తీసికొనిపోయెను. ఆ వైద్యుడు చెప్పిన మాట నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. ఈ రోగమునకు బీజము కొందరియందు పుట్టుకతోనే యుండవచ్చుననియు, గంజాయి దానికి నీరు పోసినట్లగుననియు, నీరు పోయకున్న అది మొలకెత్తకయే యుండెడిదో యేమో యెవరును చెప్పజాలరనియు ఆయన చెప్పెను.

ఆ వైద్యుని మాట ఊహ గాదు. స్వీడన్ దేశమున సైన్యమునకు పేరు వ్రాయించుకొన్న నలుబదియైదువేలకు పైబడిన యువకుల స్థితిని పదునైదేండ్లు గమనించి, ఆ ఫలితమును 1987లో ప్రకటించిరి. చేరునాటికే ఏబదిసార్లకు మించి గంజాయి త్రాగినవారిలో స్కిజోఫ్రీనియా యను మనోవ్యాధి, త్రాగనివారిలోకంటె ఆరురెట్లు కనబడెను. ఇతర కారణములను లెక్కించి తీసివేసినప్పుడు ఆ భేదము తగ్గినది, కాని పోలేదు. త్రాగిన ప్రతివానికిని పిచ్చి పట్టునని దీని యర్థము గాదు. ఎవనికి పట్టునో ముందుగా తెలియదు; భయమంతయు అచ్చటనే యున్నది.

మరి ఆనందము మాటయేమి? గంజాయిలో మత్తు కలిగించు ముఖ్యపదార్థమును 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు శుద్ధరూపమున వేరుచేసిరి. ఆ పదార్థము మెదడులో ఏ తావులను పట్టుకొనునో, ఆ తావులనే పట్టుకొను వేరొక పదార్థము మన మెదడులోనే సహజముగా పుట్టుచున్నదని 1992లో యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయమువారు కనుగొనిరి. దానికి వారు మన సంస్కృతమునందలి ఆనందశబ్దముతోనే ‘ఆనందమైడు’ అని పేరు పెట్టిరి. చూచితిరా! తాళమును మనలోనిదే, దాని చెవియు మనలోనిదే. గంజాయి మారుతాళము వంటిది. తలుపు తెరచుకొనును, నిజమే. కాని మారుతాళమును మాటిమాటికి త్రిప్పినచో అసలు తాళము చెడిపోవు ప్రమాదము కలదు.

“శివుని పేరు చెప్పి సాధువులు త్రాగుచుండగా మనకేమి తప్పు” అని మన పిల్లలు అడుగుదురు. దీనికి బదులు చెప్పక తప్పదు. పతంజలి యోగసూత్రములలో నాలుగవ పాదపు మొదటి సూత్రము, సిద్ధులు పుట్టుకచేతను, ఓషధులచేతను, మంత్రముచేతను, తపస్సుచేతను, సమాధిచేతను కలుగునని చెప్పుచున్నది. ఓషధుల ప్రస్తావన అందు ఉన్న మాట వాస్తవమే. కాని ఆ మహర్షియే మూడవ పాదమున సిద్ధులు సమాధికి అడ్డంకులని హెచ్చరించెను. మనస్సును నిలుపుటకు ఆయన మొదటి పాదమున చెప్పిన ముఖ్యసాధనములు అభ్యాసమును, వైరాగ్యమును. ఆ యభ్యాసమును బహుకాలము, ఎడతెగక, శ్రద్ధతో చేయవలెననెను. భగవద్గీత ఆరవ అధ్యాయమును ఈ రెండింటినే చెప్పి, ఆహారమునందును నిద్రయందును మితము కావలెనన్నది. బౌద్ధుల పంచశీలములలో అయిదవది మత్తుపదార్థములను విడుచుటయే.

న్యాయముగా మాటాడవలెనన్న రెండవ పక్షమును చెప్పవలెను. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమువారు ఒక జాతి పుట్టగొడుగులయందలి సిలోసైబిన్ అను పదార్థమును 36 మందికి ఇచ్చి, 2006లో ఫలితమును ప్రకటించిరి. వారిలో ఎక్కువమంది తమ జీవితములలో మిక్కిలి అర్థవంతమైన అనుభవములలో అదియొకటనిరి. సుమారు మూడింట ఒకవంతు మందికి మాత్రము తీవ్రమైన భయము కలిగెను. అది వైద్యుల కాపుదలలో, మందు కొలిచియిచ్చి, వంశమున తీవ్రమైన మనోవ్యాధి గలవారిని ముందే తీసివేసి చేసిన పరీక్ష. ఆ నియమమే మా సత్రములో ఉండినయెడల నా బావమరదిచేతికి చిలుము వచ్చియుండెడిది గాదేమో. మా అత్తయ్య పుట్టింట, అనగా మా యింటనే, ఒకరికి అట్టి వ్యాధి యుండెను. పెద్దలు పరువుకొరకై దానిని మాకు చెప్పలేదు.

నేను నలుబదవయేట ఒక విశ్రాంత ఉపాధ్యాయునియొద్ద ధ్యానము నేర్చితిని. తెల్లవారుజామున లేచి, నిటారుగా కూర్చుండి, ఊపిరి వచ్చుటను, పోవుటను గమనించుట. మనస్సు పారిపోయినపుడు విసుగుకొనక వెనుకకు తెచ్చుట. ఇంతే. ఏ వెలుగును కనబడలేదు. మొదటి సంవత్సరమంతయు మోకాళ్ల నొప్పియే నాకు దక్కిన ఫలము. కాని క్రమముగా ఒక మార్పు గమనించితిని. కోపము వచ్చుటకును, మాట జారుటకును నడుమ కొంచెము ఎడము కలిగెను. ధ్యానమును కూర్చున్నప్పుడు కలిగిన సుఖముచేత గాక, లేచిన తరువాతి నడవడిచేత కొలువవలెనని నాకప్పుడు బోధపడినది. ఒక మాట మాత్రము మరువరాదు: మనస్సు చెదిరియున్నవారు వైద్యుని సలహా లేనిదే దీర్ఘధ్యానమునకు కూర్చుండరాదు. అదియు వారికి కీడు చేయవచ్చును.

పెద్దలకు నా విన్నపము. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము ప్రకారము గంజాయి పెంచుటయు, దాచుటయు, అమ్ముటయు, వాడుటయు నేరములే. కాని అలవాటు పడినవాడు స్వల్పపరిమాణముతో పట్టుబడి, తానై ప్రభుత్వ గుర్తింపుగల వైద్యశాలలో చికిత్స పూర్తిగా పొందినచో, విచారణనుండి మినహాయింపు ఆ చట్టమునందే కలదు. కావున మీ యూరి కుఱ్ఱవాడు దీనిలో చిక్కుకొన్నచో రచ్చకట్టమీద అవమానింపకుడు. వాని నిద్రయు, మాటతీరును మారినచో భూతవైద్యునియొద్దకు గాక వైద్యునియొద్దకు తీసికొనిపొండు. ప్రభుత్వమువారి టెలిమానస్ సహాయము 14416 సంఖ్యకు ఫోను చేసిన తెలుగులోనే లభించును. మీ వంశమున మనోవ్యాధి యున్నచో పిల్లలకు దాచక చెప్పుడు.

నా బావమరది నేడును ఉన్నాడు. మందులు వాడుచు, రెండావులను చూచుకొనుచు, నెమ్మదిగా జీవించుచున్నాడు. ఆ చిలుము అందిచ్చినది నేనేయని మా అత్తయ్యతో చెప్పుటకు నాకు పదునెనిమిదేండ్లు పట్టినది. ఆమె నన్ను తిట్టలేదు. “అప్పుడే చెప్పుంటే, ఆ రెండేళ్లూ తాయెత్తుల చుట్టూ తిరిగేదాన్ని కాదు గదరా” అని మాత్రమనెను. ఆమె యిప్పుడు లేదు. ఆ మాటయే నన్ను నేడు మీ యెదుట మాటాడించినది.

సెలవు.