కనిష్ఠం అడిగినవాడు లేడు

  ఈ స్నాతకోత్సవపు నల్ల గౌన్లలో మీరూ ఉడికిపోతున్నారు, నేనూ ఉడికిపోతున్నాను.

వాతావరణ కేంద్రాల్లో పరిశీలకుడిగా పనిచేసి రిటైరయినవాణ్ణి. పుట్టింది రెంటచింతల పక్క పల్లెలో. ఎక్కడికి బదిలీ అయినా ఊరి పేరు చెప్పగానే "ఓహో, ఆ ఎండల ఊరా!" అనేవారు. మేమూ గొప్పగానే తలూపేవాళ్లం, చెప్పుకోడానికి ఇంకేమీ లేక.

ఎండ మాకు కొత్త కాదు. పగలు కాలేది, రాత్రి బతికేవాళ్లం. పొద్దు గూకాక మా అమ్మ మిద్దె మీద నాలుగు బిందెల నీళ్లు చల్లి, నాపరాతికి అరచేయి ఆనించి చూసేది. "ఇంకా కాలుతోంది, ఆగండ్రా" అనేది. కాసేపాగి మళ్లీ ఆనించేది. చేయి తీయకుండా పది లెక్కపెట్టగలిగితే మంచాలు పైకెక్కేవి. నేను చూసిన మొదటి థర్మామీటరు ఆ చేయి.

ఇప్పుడుండేది నరసరావుపేటలో, మూడంతస్తుల స్లాబు కింద. రాత్రి పదకొండుకు చేయి పెడితే నాలుగు కూడా లెక్కపెట్టలేను.

సర్వీసంతా జనం నన్ను అడిగింది ఒకటే: "ఇవాళ ఎంత కొట్టింది సార్?" అంటే గరిష్ఠం. కనిష్ఠం అడిగినవాడు లేడు. ఊరు పెరిగితే ముందు చెప్పేది ఆ రెండో అంకే. మే నెలలో మిర్చి, పత్తి తీసేసిన చేలు బోసిగా ఉంటాయి. మిట్టమధ్యాహ్నం చేనూ ఊరూ ఒకేలా కాలతాయి, ఒక్కోసారి చేనే ఎక్కువ. తేడా చీకటి పడ్డాక మొదలవుతుంది. చేను తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. సిమెంటు, తారు మాత్రం పగలు మింగింది తెల్లవార్లూ కక్కుతూనే ఉంటాయి. ఇరుకు సందుల్లో ఒక గోడ వదిలింది ఎదుటి గోడ పట్టుకుంటుంది. పైగా మన ఏసీ మన గదిలోని వేడిని తోడి పక్కింటి కిటికీలో పోస్తుంది. లూక్ హోవర్డ్ అనే మందుల తయారీదారు 1818 నాటికే లండన్ రాత్రుల గురించి ఇలాంటి మాటే రాశాడు.

ఒక కేంద్రంలో పైఅధికారి వస్తున్నారని పరికరాల పెట్టె చుట్టూ గడ్డి పీకించి సిమెంటు చేయించాం. కాగితం మీద సంతకం నాదే. ఆయన మెచ్చుకుని వెళ్లారు. ఆ తర్వాత ఉదయం 8:30 రీడింగులో కనిష్ఠం ఒక మెట్టు పైకెక్కి కూర్చుంది. వాతావరణం మారిందనుకున్నాం, మారింది మా వాకిలి. సిమెంటు వేయడానికి రెండు రోజులు పట్టింది, తీయించడానికి ఏడాది కాగితాలు నడిపాను.

అలాగని భూమి వేడెక్కడం కట్టుకథ అనుకునేరు. చుట్టూ ఊరు లేని కేంద్రాల్లోనూ అంకెలు పెరుగుతున్నాయి. హైదరాబాదులో బేగంపేట కేంద్రం అంకెలో భూమి వేడి, ఊరి వేడి రెండూ కలిసి ఉంటాయి. వాటిని విడదీయాలంటే పక్కన ఒక పల్లె అంకె ఉండాలి. అందుకే పల్లె కేంద్రంలో ఒక్కరోజు రీడింగు తప్పినా నాకు ఒళ్లు మండుతుంది.

ఇవి ఉత్త అంకెలు కావు. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా పోయారు. పగలు కాలిన ఒంటికి రాత్రి కూడా తెరిపి దొరక్కపోతే గుండె ఎంతకని మోస్తుంది? పగలు 40 డిగ్రీలు, ఆపైన ఉండి, రాత్రి మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ దాన్ని 'వెచ్చని రాత్రి' అంటుంది. సినిమా పేరులా ఉంది కదూ!

సివిల్ ఇంజినీర్లెవరు, చేతులెత్తండి. ఒరేయ్ నాయనా, పార్కింగు కోసమని వేపచెట్టు కొట్టించి, ఆనక కారు కాలిపోతోందని గుడ్డ కప్పే ఇళ్లు గీయకండి. పడమటి గోడకు అద్దాలు పెట్టి లోపల రెండు టన్నుల ఏసీ బిగించే బుద్ధి ఎవరు నేర్పారర్రా మీకు? పైకప్పు ఎండను తిప్పికొట్టాలని తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చారు. ఇక్కడ మనవాళ్లు అందుకు తెల్లరంగు డబ్బాల్లో కొంటున్నారు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలను పక్కన పెట్టుకుని! సున్నం వానకు కొట్టుకుపోతుంది, ఏటా వేసవి ముందు వేయాలి, నిజమే. గడ్డం రోజూ గీసుకోవడం లేదూ?

ఇవాళ రాత్రి పదింటికి మీ డాబా ఎక్కి, స్లాబు మీద చేయి పెట్టి లెక్కపెట్టండి. ఎంత వచ్చిందో నాకు ఫోన్ చేయకండి, తొమ్మిదికే పడుకుంటాను. సరే, చేస్తే చేయండి. ఎలాగూ మెలకువగానే ఉంటాను.