షుగరు ఒక్కటే చూసుకుంటే చాలదు
(నారాయణగూడలో జరిగిన మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో పెద్దవాళ్లను “షుగరు ఎంతుంది?” అని అడగడం అలవాటైపోయింది. మంచిదే. దేశంలో 10 కోట్లకు పైగా జనానికి మధుమేహం ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తెలియజేసింది. అయితే అరవై దాటిన షుగరు రోగి రక్తంలో చూడవలసింది చక్కెర ఒక్కటే కాదు. సోడియం, పొటాషియం, మెగ్నీషియం అనే లవణాలు కూడా ఉన్నాయి. ఈవేళ వాటిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందు మా ఇంటి సంగతి. మా దాదీకి చాలాకాలంగా షుగరూ, బీపీ. ఒక వేసవిలో అన్నం సరిగా తినడం మానేసింది. మాట తడబడింది, మమ్మల్ని పోల్చుకోలేకపోయింది. వేలికి సూది గుచ్చి చూస్తే షుగరు బాగానే ఉంది. “వయసు మీద పడింది, అంతే” అనుకుని రెండు రోజులు ఊరుకున్నాం. ఆఖరుకు ఆసుపత్రికి తీసుకుపోతే సోడియం 118 ఉందన్నారు. ఉండవలసింది 135 నుంచి 145. బీపీకి వేసుకునే నీటిమాత్రా, తిండి తగ్గడమూ కలిసి చేసిన పని అది. మాత్ర మార్చి, సోడియాన్ని మెల్లమెల్లగా పెంచితే వారానికి మనిషి మామూలైంది. ఆ రెండు రోజుల ఆలస్యం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఇక మెగ్నీషియం. రక్తంలో చక్కెర బాగా పెరిగితే మూత్రంలో పోతుంది. పోతూ నీళ్లనూ, మెగ్నీషియాన్నీ వెంట తీసుకుపోతుంది. అది తగ్గితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు, పిక్కలు పట్టేస్తాయి, గుండె లయ తప్పవచ్చు. కొన్ని రకాల ఎసిడిటీ మాత్రలు ఏళ్ల తరబడి వేసుకున్నా మెగ్నీషియం తగ్గవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరించింది. జొన్నలు, రాగులు, పప్పులు, ఆకుకూరల్లో ఇది బాగా ఉంటుంది. మాత్రల రూపంలో మాత్రం డాక్టరు చెప్పందే వేసుకోరాదు.

పొటాషియం సంగతి దీనికి తలకిందులు. దీనిని కణాల్లోకి పంపేది ఇన్సులిన్, మిగిలినదాన్ని బయటికి పంపేవి మూత్రపిండాలు. షుగరు ముదిరితే రెండూ దెబ్బతింటాయి. కొన్ని బీపీ మాత్రలు కూడా దీన్ని ఒంట్లో నిలిపేస్తాయి. 3.5 నుంచి 5 దాకా ఉండవలసింది 6 దాటితే గుండెకే ప్రమాదం. అంగట్లో దొరికే ‘లో సోడియం’ ఉప్పులో సాధారణంగా కలిపేది పొటాషియమే. మూత్రపిండాల జబ్బున్న వారికి ఆ ఉప్పును సిఫారసు చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో స్పష్టం చేసింది. ఖర్జూరంలోనూ, కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఎక్కువే. మూత్రపిండాలు బాగున్నవారికి భయం లేదు. బాగులేని వారు ఇఫ్తారులో ఎంత తీసుకోవచ్చో డాక్టరును అడగాలి.

రమజాన్ మాట వచ్చింది గనుక చెబుతున్నాను. రోజా ఉండదలచిన షుగరు రోగులు ఒకటి రెండు నెలల ముందే డాక్టరుకు చూపించుకోవాలి. రోజాలో షుగరు 70కి తగ్గినా, 300 దాటినా విరమించాలని వైద్యుల సలహా. రోగులకు మినహాయింపు అల్ బఖరా సూరాలోనే ఉంది. అల్లాహ్ ఇచ్చిన సడలింపును వాడుకోవడంలో చిన్నతనం లేదు.

మన నారాయణగూడలోనే ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఉంది. నీళ్లనూ, తినే పదార్థాలనూ పరీక్షించడానికి దానికి పేరు. తాగే నీటినే అంత శ్రద్ధగా పరీక్షిస్తున్నప్పుడు, మనను పెంచిన పెద్దల రక్తాన్ని పరీక్షించడానికి బద్ధకం దేనికి? ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్, సోడియం, పొటాషియం చేయించండి. మెగ్నీషియం అవసరమా అని డాక్టరును అడగండి. వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి వెంట తీసుకుపొండి. పెద్దవాళ్లు ఉన్నట్టుండి మగతగా ఉన్నా, తికమకపడినా వయసు మీద నెట్టకండి. ఆ పూటే తీసుకుపొండి. మన సొసైటీ వారు వైద్య శిబిరం పెట్టినప్పుడు ఈ పరీక్షలు కూడా చేర్చాలని కోరుతున్నాను.

అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్నీ, వారికి సేవ చేసే భాగ్యాన్ని మనకూ ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు.