పాత స్పోర్ట్స్ కారు కొనబోయే ముందు



సంతలో ఎద్దును బేరమాడే రైతు ముందు పళ్ళు చూస్తాడు. తర్వాత నాలుగడుగులు నడిపించి చూస్తాడు. కొమ్ములకు పూసిన రంగు చూసి డబ్బివ్వడు. అదే మనిషి పాత కారు దగ్గరికి వచ్చేసరికి ఎర్రటి పెయింటు, తళతళలాడే తీగచక్రాలు చూసి మెత్తబడిపోతాడు. అందులోనూ అది రెండు సీట్ల స్పోర్ట్స్ కారయితే ఇక చెప్పనక్కరలేదు. మద్రాసుకు ఉత్తరాన చోళవరం విమానాల మైదానంలో ఒకప్పుడు మోటారు పందాలు జరిగేవి. ఆ చప్పుడు విన్న తిరువళ్ళూరు జిల్లా పెద్దలకు ఈ మోజు ఎలాంటిదో తెలుసు. పదవీ విరమణ డబ్బు చేతికి రాగానే కుర్రతనపు కోరిక తీర్చుకుందామనుకునే వారున్నారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

ఉదాహరణకు ఎం.జి.బి. కారును తీసుకుందాం. ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. మన దేశంలో ఇవి అరుదు. ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉన్న మీ అబ్బాయి కొనాలనుకున్నా చూడవలసినవి ఇవే.

దీని ఇంజను మనకు చుట్టమే. 1798 సీసీల ఈ ఇంజనూ, మన అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీల పెట్రోలు ఇంజనూ బి-సిరీస్ అనే ఒకే కుటుంబానివి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా, హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో దాన్ని విప్పి బిగించిన పాత మెకానిక్కు వెతికితే దొరుకుతాడు. అందుకని మనవాళ్ళు ఆయన్ని వెంటబెట్టుకుని వెళతారు. ఆయన బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి విని, "బాగుందండీ" అంటాడు. బేరం కుదిరిపోతుంది. కానీ చిక్కు ఇంజనులో లేదు, ఒంట్లో ఉంది.

జీపుకూ లారీకీ కింద వేరే ఛాసిస్ ఉంటుంది. ఎం.జి.బి.కి లేదు. రేకులను మలిచి, అతికి కట్టిన ఒళ్ళే దానికి ఎముక. పైకప్పు కూడా లేని బండి గనుక, తలుపుల కింద ఉండే గడపల మీదే బరువంతా పడుతుంది. ఈ గడప ఒక్క రేకు కాదు, లోపల పొరలున్నాయి. నీళ్ళూ మట్టీ చేరి తుప్పు లోపలినుంచి తింటూ వస్తుంది. బయటికి కనబడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో, యానాంలోనో గోపాలపురంలోనో ఉన్న బండి అయితే మరీ జాగ్రత్త. పైన పటారం, లోన లొటారం అన్నమాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

ఎలా పట్టుకోవాలి? తలుపు మూసి, చుట్టూ ఉన్న సందు చూడండి. పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే బండి నడుం వంగిందని అనుమానించండి. గడప కింద జాకీ పెట్టే చోట కొద్దిగా ఎత్తించి, తలుపు మళ్ళీ తెరిచి మూయండి. పట్టేస్తే ఆ బండిని వదిలేయడమే మేలు. జాకీ మీద ఉన్న బండి కిందికి మాత్రం ఎవరూ దూరవద్దు.

జేబులో చిన్న అయస్కాంతం, పలచటి గుడ్డలో చుట్టి పెట్టుకోండి. గడపల మీద, ముందు మడ్‌గార్డుల కింది అంచుల మీద ఆనించండి. పట్టకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. బానెట్‌కు పట్టలేదని మాత్రం గాభరా పడకండి. తొలి ఏళ్ళ బండ్లకు బానెట్ అల్యూమినియంది. తర్వాత తివాచీ ఎత్తి నేల చూడండి. సీట్ల వెనక బ్యాటరీ పెట్టెలుంటాయి. 1974 దాకా చాలా బండ్లకు ఆరు వోల్టుల బ్యాటరీలు రెండుండేవి. ఆమ్లం ఒలికి ఆ పెట్టెలు చిల్లులు పడతాయి. అక్కడ చెయ్యి పెట్టి తడమనిదే లేవకండి.

గడపలు కొత్తవి వేయించామని అమ్మేవారు చెబితే, పని జరిగేటప్పటి ఫోటోలు అడగండి. పాత గడప కోసేముందు తలుపు చట్రానికి అడ్డకమ్మీ బిగించాలి. లేకపోతే ఒళ్ళు వంకర పోతుంది. మామూలు టింకరింగ్ షాపులో తుప్పు మీదే రేకు అతికి, పెయింటు కొట్టి పంపేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, ప్రమాదం జరిగిన రోజున కాగితంలా మడుచుకుపోతుంది. ఇంగ్లండులో 1988 నుంచి పాత అచ్చుల మీదే పూర్తి ఒళ్ళు కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. దాని ఖర్చుతో పోలిస్తే ఇంజను బాగుచేయించడం లెక్కలోది కాదు.

ఇక ముందు చక్రాలు. చక్రం పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే, ఒకరిని బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపండి. ఇంకా ఆడుతుంటే కింగ్‌పిన్ అరిగినట్టు. గ్రీజు కొట్టని ఇంటి బండికి వచ్చే జబ్బు ఇది. తీగచక్రాల ఊచలను పెన్సిలుతో తట్టండి. ఖంగుమనాలి. చప్పగా పలికిన ఊచ వదులయింది.

ఇంజను గురించి ఒకటి రెండే చెబుతాను. మీరు వచ్చేదాకా స్టార్టు చేయవద్దని ముందే చెప్పండి. చల్లటి ఇంజను దాచలేని మాటలు వేడెక్కిన ఇంజను దాచేస్తుంది. వేడెక్కాక దారిమీద ఆయిల్ ప్రెషరు 50 నుంచి 70 పౌండ్ల మధ్య నిలవాలి. నీలం పొగ వస్తే ధర తగ్గించమనండి, పారిపోనక్కరలేదు.

చివరగా కాగితాలు. బండి నంబరు పలకను ఆర్.సి.తో అక్షరం అక్షరం పోల్చండి. రెండు సీట్ల ఎం.జి.బి. నంబరు జి.హెచ్.ఎన్. అనే అక్షరాలతో మొదలవుతుంది. మొదట ఏ రంగులో, ఏ తేదీన తయారైందో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం వారు పాత రికార్డులు చూసి రుసుముకు ధ్రువపత్రం ఇస్తారు. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ఆ నిబంధనల్లో కొత్త నమోదుకు 20,000 రూపాయలు, తర్వాత మళ్ళీ నమోదుకు 5,000 రూపాయలు రుసుము పెట్టారు. నమోదు పదేళ్ళు చెల్లుతుంది. కాని అలా నమోదైన బండిలో రోజూ ఆఫీసుకు వెళ్ళడానికి వీల్లేదు. ఆ సంగతి బయానా ఇవ్వకముందే ఇంట్లో చెప్పండి.

సెలవు.