గవర్నరు ఆజ్ఞ – బడి వాకిలి



భారత రాజ్యాంగం 53వ అధికరణం ప్రకారం రక్షణ దళాల సర్వోన్నతాధిపత్యం రాష్ట్రపతిదే; రాష్ట్ర గవర్నరుకు సైన్యంపై అధికారం లేదు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ప్రతి రాష్ట్రానికీ నేషనల్ గార్డు అనే దళం ఉన్నది. వరదలు, కల్లోలాలు సంభవించినప్పుడు దానికి ఆజ్ఞలిచ్చేది గవర్నరే. అయితే దేశాధ్యక్షుడు చట్టానుసారం ఆ దళాన్ని తన అధీనంలోకి తీసుకోవచ్చు.

ఈ అధికారానికి హద్దు ఎక్కడో ఒక బడి వాకిట తేలింది. బడులలో వర్ణవివక్ష రాజ్యాంగవిరుద్ధమని 1954లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినను 1957 సెప్టెంబరులో ఆర్కన్సా గవర్నరు ఫాబస్, శాంతిభద్రతల పేరిట లిటిల్‌రాక్ సెంట్రల్ హైస్కూలు ముందు గార్డును నిలిపి, తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులను అడ్డగించారు. న్యాయస్థానం ఉత్తర్వుతో దళం తొలగింది, అల్లరిమూక చేరింది. సెప్టెంబరు 24న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆ గార్డును తన అధీనంలోకి తీసుకొని, సైన్యాన్ని కూడా పంపారు. మరునాడు ఆ తొమ్మండుగురు సైనికుల రక్షణలో తరగతులకు వెళ్లారు. వారిలో ఎర్నెస్ట్ గ్రీన్ 1958 మే మాసంలో అక్కడ చదువు పూర్తిచేసిన తొలి నల్లజాతి విద్యార్థి అయ్యాడు.

అడ్డగించిన దళమే ఆ తరువాత ఆ పిల్లలకు కావలి కాసింది. ఆపత్కాలంలో సైతం ఆయుధం చట్టానికి లోబడి ఉండాలి. విద్యార్థులారా, తెరచిన బడి వాకిలి వెనుక ఇంతటి ధర్మం ఉన్నదని గ్రహించండి.