ఏ బిడ్డా బడి మానకూడదు

(మిట్టేమరిలో జరిగిన విద్యార్థి వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



"అయ్యవారూ, చదువు విలువ గురించి నాలుగు మాటలు చెప్పండి" అని నన్ను పిలిచారు. మార్కుల గురించి, పోటీ పరీక్షల గురించి చెప్పేవారు మీకు చాలామంది ఉన్నారు. నేను మాత్రం బాగా చదువుతూ ఉండి కూడా బడి మానేసే కొందరు పిల్లల గురించి మాట్లాడతాను. ఈ విషయం సభల్లో ఎవరూ ఎత్తరు. ఇళ్ళలో అసలే ఎత్తరు.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. నేను పనిచేసిన ఒక బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడుండేవాడు. లెక్కల్లో మొదటివాడు. నడకలో, మాటలో ఆడపిల్లల పోలిక ఉండేది. తోటివాళ్ళు అతనికి పెట్టిన పేర్లు ఈ వేదిక మీద చెప్పదగినవి కావు. మరుగుదొడ్డి దగ్గర ఏడిపిస్తారని భయపడి బడి విడిచేదాకా నీళ్ళు కూడా తాగేవాడు కాదని తర్వాత తెలిసింది. ఒక రోజు నా దగ్గరికి వచ్చి, "సార్, నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టండి" అన్నాడు. "నువ్వు సరిగ్గా ఉంటే వాళ్ళెందుకంటారు?" అని కసిరాను. మరుసటి వారం నుంచి అతను రాలేదు. హాజరు పట్టీలో అతని పేరు మీద గీత గీసింది నేనే. అతనిప్పుడు ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో నాకు తెలియదు. ఉద్యోగ విరమణ రోజు నాకు శాలువా కప్పారు. ఆ వేళ కూడా ఆ పిల్లవాడే గుర్తుకొచ్చాడు.

అలాంటి పిల్లలు ఎవరు? మగపిల్లవాడిగా పుట్టినా మనసులో తాను ఆడదాన్నని తెలిసినవారు, ఆడపిల్లగా పుట్టినా తాను మగవాణ్ణని తెలిసినవారు ఉంటారు. వీరిని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు అంటున్నాం. తమలాంటి మగవారినే ప్రేమించే మగవారు, ఆడవారినే ప్రేమించే ఆడవారు వేరే ఉన్నారు. వీరు పైకి ఏమీ తెలియనివ్వరు, లోపలే కుమిలిపోతారు. 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక 'ఇతరులు' అని నమోదైనవారు దేశంలో 4.88 లక్షల మంది. మన కర్ణాటకలో 20 వేల పైచిలుకు. చెప్పుకోలేనివారు ఈ లెక్కలో లేరు.

విరాటపర్వం నాటకంలో బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పుతుంటే రాత్రంతా కూర్చొని చూస్తాం. తెల్లవారి బస్సులో అలాంటి మనిషి ఎక్కితే మొహం తిప్పుకుంటాం. ఇదేమి న్యాయం?

తల్లిదండ్రులకు ముందుగా ఒక మాట తేల్చి చెప్పాలి. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 2019లో ఆమోదించిన కొత్త జాబితాలో ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని మానసిక రోగాల విభాగం నుంచి తప్పించింది. వీరిని 'మారుస్తాం' అంటూ చేసే చికిత్సను మన జాతీయ వైద్య కమిషన్ 2022లో డాక్టర్ల వృత్తి దుష్ప్రవర్తనగా ప్రకటించింది. కాబట్టి తాయెత్తులకు, భూతవైద్యులకు డబ్బు పోయకండి. కొట్టి మార్చాలని చూడకండి. పెళ్ళి చేస్తే అంతా సర్దుకుంటుందని అసలు అనుకోకండి. దానివల్ల మీ బిడ్డతో పాటు ఇంకొకరి బిడ్డ బతుకు కూడా పాడవుతుంది.

మరి వీరిలో కొందరికి జబ్బులు ఎక్కువెందుకు అని అడుగుతారు. హెచ్.ఐ.వి. ఎవరికీ స్వభావం వల్ల రాదు. ఇంట్లోంచి గెంటేస్తే, చదువు లేకపోతే, పని ఎవరూ ఇవ్వకపోతే, కొందరు పొట్టకూటి కోసం ఒళ్ళు అమ్ముకోవలసి వస్తుంది. అక్కడ ప్రమాదం మొదలవుతుంది. ఆసుపత్రిలో నవ్వుతారని పరీక్షకు వెళ్ళకపోతే అది ముదురుతుంది. డాక్టరును అడగకుండా హార్మోను మాత్రలు మింగి ఆరోగ్యం పాడుచేసుకునేవారూ ఉన్నారు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మనసు విరిగిపోవడం. పిల్లలారా, ఎవరికైనా బతకాలని లేదనిపిస్తే 14416కు ఫోను చేయండి. అది 2022లో మొదలైన టెలి మానస్ ప్రభుత్వ సేవ, డబ్బు కట్టనక్కరలేదు. ఇంట్లోనో బయటో ఎవరైనా హింసిస్తుంటే పిల్లల సహాయానికి 1098 ఉంది.

ఇప్పుడు ఇద్దరు ముగ్గురి సంగతి చెబుతాను. బళ్ళారి జిల్లాలో పుట్టిన మంజమ్మ జోగతి గురించి మీలో కొందరు వినే ఉంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు మంజునాథ శెట్టి. పదిహేనేళ్ళ ప్రాయంలో తాను ఆడదాన్నని గ్రహించారు. ఇంటివారు ఆమెను హొసపేట దగ్గరి హులిగెమ్మ గుడిలో జోగప్పగా దీక్ష ఇప్పించారు. తర్వాత ఇల్లు దూరమైంది. అడుక్కున్నారు, అవమానాలు పడ్డారు, ప్రాణం తీసుకోబోయి బతికారు. జోగతి నృత్యం నేర్చుకొని దానితోనే నిలబడ్డారు. 2019లో కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలయ్యారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమె గొప్పతనానికి చేతులెత్తి మొక్కుదాం. అయితే అంత కష్టం పడితేగాని మనిషిగా చూడమనడం మన గొప్పతనం కాదు.

ఇక మన తెలుగు పిల్లలు ఇద్దరు. డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్. ఇద్దరూ ట్రాన్స్ మహిళలు, ఇద్దరూ ఎం.బి.బి.ఎస్. చదివారు. చదువుండి కూడా ప్రైవేటు ఆసుపత్రుల్లో ఉద్యోగం కోసం తిప్పలు పడ్డారు. 2022 చివర్లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్యాధికారులుగా చేరారు. చేతిలో డిగ్రీ ఉంది గనుక పోరాడి నిలబడగలిగారు. నేను గీత గీసిన ఆ పిల్లవాడి చేతిలో ఏముంది?

చట్టం చాలా దూరం నడిచి వచ్చింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడో లింగంగా గుర్తించి, వారికి విద్య, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వాలని చెప్పింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ కింద వయోజనుల పరస్పర అంగీకార సంబంధం నేరంగా ఉండేది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు దాన్ని నేరం కాదన్నది. ఆ కేసు వేసినవారిలో ఐ.ఐ.టి.ల విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కూడా ఉన్నారు. స్వలింగ వివాహాలకు మాత్రం 2023లో అదే కోర్టు గుర్తింపు ఇవ్వలేదు. 2021 జూలైలో మన కర్ణాటక ప్రభుత్వం తన ఉద్యోగాల నేరు నియామకాల్లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 1 శాతం కేటాయించింది. ఇలా చేసిన మొదటి రాష్ట్రం మనదే.

సంతోషించవలసిన విషయమే. కాని ఆ ఒక్క శాతానికి దరఖాస్తు పెట్టాలంటే ఎస్.ఎస్.ఎల్.సి. కావాలి, పి.యు.సి. కావాలి, డిగ్రీ కావాలి. తొమ్మిదో తరగతిలో బడి మానిన బిడ్డకు ఆ ఉత్తర్వు ఎందుకు పనికొస్తుంది? బెంగళూరులో ఇచ్చిన హక్కు మన తాలూకా పల్లెకు చేరాలంటే మధ్యలో బడి ఉండాలి. అందుకే ఇది ట్రస్టు పని కూడా అంటున్నాను.

కార్యవర్గానికి నా విన్నపాలు మూడు. మన దరఖాస్తులో 'బాలుడు, బాలిక' పక్కన మూడో గడి చేర్చండి. చదువు మధ్యలో ఆపి తిరిగి చేరేవారికి వయసు పట్టింపు లేకుండా వేతనం ఇవ్వండి. తండ్రి సంతకం తప్పనిసరి అనే నియమం సడలించండి. ఇంట్లోంచి గెంటేసిన బిడ్డ తండ్రి సంతకం ఎక్కడ తెస్తుంది? ఉపాధ్యాయుడి సంతకం చాలు. కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన స్మైల్ పథకంలో తొమ్మిదో తరగతి నుంచి ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు వేతనం పెట్టారు. ఇప్పటి నియమాలేమిటో ట్రస్టు తరఫున కనుక్కొని పిల్లలకు చెప్పండి.

విద్యార్థులారా, మీ తరగతిలో ఒకరిని అందరూ ఏడిపిస్తుంటే మీరు నవ్వకండి. పక్కన కూర్చోండి. మరుగుదొడ్డికి తోడు వెళ్ళండి. మధ్యాహ్నం కలిసి అన్నం తినండి.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఏదో ఒక రాత్రి వణుకుతూ మీకు ఒక మాట చెప్పవచ్చు. వెంటనే అర్థం కాకపోయినా ఫరవాలేదు. "ముందు అన్నం తిను, రేపు బడికి పో, మేమున్నాం" అనండి. ఆ రాత్రికి అది చాలు. నలుగురూ ఏమనుకుంటారో అని భయపడతారు. నలుగురూ నాలుగు రోజులు అనుకుంటారు, బిడ్డ మాత్రం జీవితాంతం మీ బిడ్డే.

ఆ రోజు ఆ పిల్లవాడు నన్ను అడిగింది ముందు వరుసలో కాస్త చోటు. నేను ఇవ్వలేదు. మీరు ఇవ్వండి.