పీయూషగ్రంథియు వృషణములును



సంతానము లేని యింట మొదట నింద పడునది కోడలిమీదనే. వ్రతములు, తాయెత్తులు, పుట్టచుట్టు ప్రదక్షిణములు అన్నియు నామెకే. కొన్నియేండ్లు గడచిన పిమ్మట మగనికి రెండవ పెండ్లి మాట పుట్టును. మగనిని కూడ పరీక్షింపుడని పలుకువారు అరుదు. సంతానహీనులగు దంపతులలో సుమారు సగముమందియెడ పురుషుని లోపము పూర్తిగనో, కొంతగనో కారణమై యుండునని వైద్యశాస్త్రము నిర్ణయించినది. కావున పురుషదేహమున బీజము పుట్టు క్రమమును పెద్దలు తెలిసికొనుట యావశ్యకము. ఇది సిగ్గుపడవలసిన ప్రసంగము కాదు; శరీరధర్మము.

వృషణములకు రెండు పనులు గలవు. సన్నని నాళములయందు శుక్రకణములను నిర్మించుట యొకటి. ఆ నాళముల నడుమ నుండు కణములలో టెస్టోస్టిరోను అను హార్మోనును తయారుచేసి రక్తమున కలుపుట రెండవది. మీసము, గడ్డము, గంభీరమైన కంఠము, కండపుష్టి, ఎముకల దార్ఢ్యము, కామేచ్ఛ యనునవి దీని ప్రభావమున కలుగును. కోడెకు విత్తులు కొట్టించినచో పొగరణగి కాడికి లొంగునని రైతులందఱు నెఱుగుదురు. దానికి హేతువు 1849లో జర్మనీలోని గాటింగెన్ నగరమున బెర్తోల్డు అను పండితుడు చేసిన పరీక్షవలన బయల్పడెను. వృషణములు తీసివేసిన కోడిపుంజులకు నెత్తిమీది జుట్టు కుంచించుకొనిపోయెను. కూతయు, పోరును ఉడిగెను. వృషణమును మరల పుంజు కడుపులో నిలుపగా, పూర్వపు నరముల సంబంధము లేకున్నను, అవి యన్నియు తిరిగి వచ్చెను. ఏదియో యొక ద్రవ్యము రక్తముద్వారా దేహమంతట పనిచేయుచున్నదని దీనివలన తేలెను. ఆ ద్రవ్యమును 1935లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున లాకరు పండితుని బృందము ఆబోతుల వృషణములనుండి వేరుచేసి, దానికి టెస్టోస్టిరోను అని పేరిడెను.

అయితే వృషణములు స్వతంత్రములు కావు. మెదడు అడుగున, ముక్కుమొదటికి వెనుక, ఎముకగుంటలో బటానీగింజంత పీయూషగ్రంథి గలదు. దాని బరువు సుమారు అరగ్రాము. దానిని తీసివేసినచో ఎలుకల వృషణములు కృశించుననియు, ఆ గ్రంథిపదార్థమును మరల దేహమున ప్రవేశపెట్టినచో కోలుకొనుననియు అమెరికాలో ఫిలిప్ స్మిత్తు నిరూపించెను. ఈ గ్రంథి వృషణములకు ఇద్దఱు దూతలను పంపును. ఎల్.హెచ్. అనునది లైడిగ్ కణములను చేరి టెస్టోస్టిరోనును పుట్టించును. ఎఫ్.ఎస్.హెచ్. అనునది సెర్టోలీ కణములను చేరును. ఆ కణములు దాదివలె శుక్రకణములను పోషించును. ఒక శుక్రకణము సిద్ధమగుటకు సుమారు రెండున్నర మాసములు పట్టును. అంతకాలము వృషణములోపల టెస్టోస్టిరోను రక్తములోకంటె అనేక రెట్లు అధికముగ నుండవలెను.

పీయూషగ్రంథికి పైన హైపోథలమస్ అను మెదడుభాగము అధికారి. అది గంటన్నర, రెండుగంటల కొకమాఱు ఆజ్ఞ పంపుచుండును. చెరువు తూమువద్దనుండు నీరటికాడు మడి నిండినదని చూచి తూము మూయును. మడి యెండిన తెఱచును. అట్లే రక్తమున టెస్టోస్టిరోను నిండినచో హైపోథలమస్సు, పీయూషగ్రంథి తమ యాజ్ఞలను తగ్గించును, తఱిగినచో హెచ్చించును.

ఇందుండి యొక ముఖ్యవిషయము తేలుచున్నది. కండలు పెరుగవలెనని, బలము కలుగవలెనని నేటి యువకులు కొందఱు వైద్యుని సలహా లేకయే టెస్టోస్టిరోను సూదులు వేయించుకొనుచున్నారు. పొరుగు కాలువ నీరు మడిలో పడగా నీరటికాడు చెరువు తూము మూసినట్లు, పీయూషగ్రంథి దూతలను నిలిపివేయును. అప్పుడు వృషణములు కృశించును, శుక్రకణములు తఱుగును, కొందఱికి పూర్తిగ లేకపోవును. మందు మానిన పిమ్మట పెక్కుమంది కోలుకొందురు గాని దానికి మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. సంతానము కోరువానికి ఆ సూది మేలు చేయదు, కీడే చేయును.

దీపము మలిగినచో నూనె తఱిగినదా, వత్తి చెడినదా యని చూడవలెను గదా! ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. తక్కువగ నుండి టెస్టోస్టిరోనును తక్కువైనచో దోషము పై గ్రంథులలోనిది. అది పుట్టుకతో వచ్చినదో, గ్రంథిలో పుట్టిన గడ్డవలన వచ్చినదో కావచ్చును. అట్టివారికి గడ్డ యున్న దానికి చికిత్స చేసి, పీయూషదూతలవలె పనిచేయు మందులను కొన్ని మాసములు సూదిద్వారా ఇచ్చినచో పెక్కుమందికి శుక్రకణములు పుట్టును. ఆ దూతలు మిక్కిలి హెచ్చుగ నుండియు టెస్టోస్టిరోను తక్కువగ నున్నచో దోషము వృషణములలోనిది. యౌవనమున వచ్చిన గవదబిళ్లలు, బాల్యమున వృషణములు సంచిలోనికి దిగకపోవుట మొదలగునవి దానికి కారణములు. ఉదయమున టెస్టోస్టిరోను అధికముగ నుండును గావున రక్తపరీక్ష ఉదయముననే చేయుదురు.

ఊరిపెద్దలకు నా మనవి యిది. సంతానము లేదని దంపతులు మీకడకు వచ్చినప్పుడు భార్యాభర్త లిరువురిని పరీక్షకు పంపుడు. వీర్యపరీక్ష కష్టమైనది కాదు, అవమానకరమును కాదు. ఆ చిన్నపని కాకముందే రెండవ పెండ్లి మాట యెవ్వరును ఎత్తకుండ చూడుడు. మగపిల్లవాని వృషణములు సంచిలో కనబడనిచో తొలియేడే వైద్యునికి చూపింపుడని తల్లులకు చెప్పుడు. తెలియని దోషమునకు ఒక యాడుబిడ్డ జీవితమును బలిపెట్టుట ధర్మము కాదు.