రాగం మారితే మారనీ, శ్రుతి తప్పొద్దు

(నల్లగొండల పాటల మీద జరిగిన ముచ్చట్ల చేసిన ప్రసంగ పాఠం)



పాత బాణీని మార్చొచ్చునా, వద్దా అన్నది ఇయ్యాల మన ముందున్న ముచ్చట. ముట్టుకుంటే చెడిపోతదని కొందరంటున్నరు. ముట్టుకోకుంటే సచ్చిపోతదని ఇంకొందరంటున్నరు. ఈ రెండింటి నడుమ మేం ఒక మాట చెప్పదలుచుకున్నం.

ముందు తిత్తి సంగతి. కొలిమితిత్తి అందరికీ ఎరుకే. వీధి భాగోతానికి, తోలుబొమ్మలాటకు పట్టే తిత్తి వేరు. అది మేకతోలు సంచి. నోటితోని గాలి నింపి చంక కింద అదిమితే, గొట్టంలకెళ్లి ఒకటే శ్రుతి ఆగకుంట వస్తది. అది రాగం పలకది. పాడేటోడు ఎటు పోయినా తిరిగొచ్చి నిలబడే జాగ అది. పోలీసు బ్యాండుల ఊదే స్కాట్లాండు బ్యాగ్‌పైపుల రెండూ ఉంటయి. ఒక గొట్టం రాగం పలుకుతది, మిగిలినయి శ్రుతి పడతయి. హార్మోనియం వచ్చినంక మన తిత్తి మూలకు పడ్డది. కానీ అది నేర్పిన పాఠం మిగిలింది. రాగం మారొచ్చు, శ్రుతి మారొద్దు.

మరి పాటకు శ్రుతి ఏంది? అది ఎవరి పాట, ఎవరి గోస చెప్తది, ఎవరు గొంతు కలపగలరు? ఈ మూడే.

మన జిల్లా సుద్దాల హనుమంతునే తీసుకుందాం. నిజాం కాలంల దొరల మీద లేచిన పోరాటంల ఆయన గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం తీసుకొని వాటిల సంఘం మాటలు పెట్టిండు. అది చెడగొట్టుడా? కాదు. వెట్టి చేసేటోళ్ల గోస వాళ్లకు తెలిసిన బాణీలనే వచ్చింది. ఆయన ‘పల్లెటూరి పిల్లగాడ’ 1980ల విడుదలైన ‘మాభూమి’ సినిమాల కెక్కింది. తెరకెక్కినా జీతమున్న పిలగాని పాటగానే నిలిచింది.

మేం కూడ ఈ పని చేసినోళ్లమే. 2011ల 42 రోజుల సకల జనుల సమ్మెల, వంటావార్పు కాడ బతుకమ్మ బాణీకి 610 జీవో సంగతి, కృష్ణా నీళ్ల సంగతి కట్టి పాడినం. మాటలు బరువెక్కిన కాడ అక్కలే ఆపిన్రు. ‘చప్పట్లకు అందుతలేదు బిడ్డా, తీసెయ్’ అన్నరు. తీసేసినం. మా డిగ్రీలకు తెల్వనిది వాళ్ల చేతులకు తెలిసింది.

ఇగ పాలమూరుకు పోదాం. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడేటోడు. 2021ల ‘భీమ్లా నాయక్’ సినిమా పాటల ఆయన గొంతు వినబడ్డది. 2022ల పద్మశ్రీ వచ్చింది. కిన్నెర పేరు ఊరూరికి ఎరుకైంది. ఇది లాభమే, కాదనం. కానీ పండుగ సాయన్న కథను ఎంతమంది ఇన్నరు? పేరు తెలిసి కథ తెల్వకపోతే అది సగం లాభమే.

2024 జూన్ 2న అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ కీరవాణి స్వరంతోని రాష్ట్ర గీతంగ వెలువడ్డది. మన స్వరకర్తలు లేరా అని కొందరడిగిన్రు. అడుగుడు తప్పు కాదు. కానీ కట్టిన చెయ్యి ఎవరిదన్న కాడనే ఆగితే ప్రశ్న సగమే. వాయిద్యాలు లేకుంట బడిపిల్లలు పాడగలరా అన్నది మిగతా సగం.

కాబట్టి మార్చేటోళ్లకు మా మాట ఇది. మార్చకముందు పాత పాటను ఉన్నదున్నట్టు రికార్డు చెయ్యున్రి. పాడినోళ్ల పేరు, ఊరు రాయున్రి. పైసలొస్తే వాళ్ల వాటా వాళ్లకియ్యున్రి. కొత్త పాటను తీస్కపోయి ముందు వాళ్లకే వినిపియ్యున్రి. వాళ్లు గొంతు కలిపితే అది మన పాట. వాళ్లు మూగగ కూసుంటే, ఎంత ఇంపుగున్నా అది మన పాట కాదు.

వద్దనేటోళ్లకూ ఒక మాట. పాడేటోళ్లు లేకుంట పెట్టెల దాసిన పాట, గాలి లేని తిత్తి లెక్క. అది ఒట్టి తోలే.

రాష్ట్రం 2014ల వచ్చింది. పాట పాడి తెచ్చుకున్నం. ఆ పాటలు నేర్పిన ముసలోళ్లు ఒక్కొక్కరే పోతున్నరు. రేపు ఊరికి పోయినప్పుడు ఒక అవ్వ కాడ కూసోని ఒక్క పాట నేర్చుకోని రాన్రి. మార్చుడు సంగతి గా తర్వాత మాట్లాడుకుందాం.

జై తెలంగాణ!